సన్నవాలు

శ్యాంసుందర్ రావు తన చావు తేదీని టీ తాగుతూ చదివాడు.

సోమవారం పొద్దున అయిదూ నలభైకి కోరుట్లలో ఆయన ప్రెస్సు ఎదుటి కరెంటు స్తంభానికి పట్టీలాంటి పొడుగాటి తెల్లగుడ్డ బ్యానరు ఒకటి వేలాడుతూ కనిపించింది. పాలుపోసే మనిషి దాన్ని ఫోనులో ఫోటో తీసి, అరుగు మీద కూర్చున్న ఆయనకే చూపించాడు. పైన ‘కన్నీటి నివాళి’. మధ్యలో ‘కీ.శే. శ్యాంసుందర్ రావు’. కింద ఆ వారంలోనే వచ్చే బుధవారం తేదీ. అరవై ఎనిమిదేళ్ల పెద్దమనిషి, పుట్టిన దగ్గర్నుంచీ అచ్చు సిరా వాసనలో పెరిగినవాడు, కళ్లజోడు సర్దుకుని “ఎవడో గాని అక్షరాలు మంచిగ దించిండు” అన్నాడట. లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కుని వచ్చేసరికి ఆరుంబావు. స్తంభం మీద బ్యానరు లేదు. బుధవారం మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య ఆయన కూడా లేకుండా పోయాడు.

పాలుపోసే మనిషి తీసిన ఫోటో ఫోన్లలో తిరిగి ఊరు ఊరంతా ఒకటే మాట. ఆ రాత ఎవరిదో అందరికీ తెలుసు. సన్నగా, కుడివైపుకి వాలి, కొసలకి ఏ అలంకారమూ లేకుండా నడిచే ఆ అక్షరం జగిత్యాల పెయింటర్ హబీబుద్దీన్‌ది. చిక్కల్లా ఏమిటంటే హబీబుద్దీన్ చచ్చిపోయి నాలుగేళ్లయింది.

శనివారం పది గంటలకు ఆ హబీబుద్దీన్ కూతురు సానియా జగిత్యాలలో తన ఇంటి ముందు గదిలో డిటెక్టివ్ కౌసల్య ఎదురుగా కూర్చుని ఉంది. పక్కన తల్లి మహమూదా బేగం జపమాల పట్టుకుని ఉంది గాని పూసలు కదలడం లేదు.

కౌసల్యకు యాభై రెండేళ్లు. హైదరాబాదులో పదహారేళ్లు దొంగ సంతకాలు, దొంగ వీలునామాలు పట్టే ఉద్యోగం చేసి, ఇప్పుడు జగిత్యాలలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. నడుపుతోంది అంటే, పెళ్లికొడుకులు తాగుతారో లేదో కనుక్కుని చెబుతోంది. హత్య కేసు ఆమె చేతికి రావడం ఇదే మొదలు, అందుకని లోపల కొంచెం బెరుకుగానే ఉంది. బెరుకుగా ఉన్నప్పుడు ఆమె గొంతు మామూలుకన్నా కరుకుగా వస్తుంది.

“బుధవారం నువ్వు కోరుట్లకు పోయినవా లేదా?”

“పోయిన ఆంటీ.”

“ఎందుకు?”

“సారే ఫోన్ చేసిండు. ఒకటిన్నరకు. ఒకటి చూపియ్యాలె, జల్ది రా అన్నడు. ఒకటి యాభై బస్సెక్కిన. రెండు నలభైకి దిగిన. నడిచిపోయేవరకు మూడుకు పది తక్కువ.”

“తలుపు?”

“తీసే ఉన్నది. కాలుతోని తొక్కే పాత అచ్చు మిషన్ లేదా, ట్రెడిల్, దాని పక్కన పడి ఉన్నడు. చక్రం కింద... నెత్తురు.” సానియా ఆగింది. “నేను ముట్టుకోలే. ఉరికిన.”

“ఎవ్వలకన్న చెప్పినవా?”

“ఏమని చెప్పాలె? మూడు నెలల కింద నేనన్న మాట ఆ ప్రెస్సుల అందరికి గుర్తే.”

ఆ మాట కౌసల్యకూ తెలుసు. సి.ఐ. జితేందర్ దాన్ని నలుగురు సాక్షుల చేత రాయించుకున్నాడు. తన తండ్రి అక్షరాలతో శ్యాంసుందర్ రావు నమూనా పుస్తకం అచ్చువేసి, రూపకర్తగా తన పేరే వేసుకున్నాడని సానియా ప్రెస్సుకెళ్లి గొడవపడింది. ‘ఇవే అక్షరాలతో ఒకనాడు మీ పేరు రాస్త, ఊరంత చదువుతది’ అని నడి గదిలో అరిచింది. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల కోపంలో అన్న మాట. ఇప్పుడది మెడకు చుట్టుకుంది. సాయంత్రంలోపు ఏదైనా దొరక్కపోతే ఆ పిల్ల రాత్రి లాకప్పులో గడుస్తుంది.

“ఆ అక్షరం సంగతి చెప్పు. నాకు సంతకాలు తెలుసు గాని అచ్చక్షరాలు తెల్వయి.”

అంతసేపూ ముడుచుకుని ఉన్న సానియా వెన్ను నిటారయింది. “మా అబ్బా బ్యానర్లు రాసెటోడు గద. పైన లీడర్ పేరు లావుగ, ఎర్రగ రాయాలె. కింద పిలిచేటోళ్ల పేర్లు సన్నగ. ఆ సన్నపు వరుసలు ఎవ్వలు చూడరు. అందుకే అక్కడ అబ్బా తన ఇష్టమున్నట్టు రాసెటోడు. నిచ్చెన మీద ఎడమ దిక్కు నిలబడి చెయ్యి చాపుతడు గద, అక్షరం దానంతటదే కుడికి వాలేది. సన్నవాలు అని ఆయనే పేరు పెట్టిండు. నేను దాన్నే మూడేండ్లు కూసొని కంప్యూటర్ల ఎక్కిచ్చిన.”

“కంప్యూటర్ల ఏ అక్షరాన్నైనా ఒక్క బటన్ కొడితే వాలుతదంటరు?”

“వాలుతది. పాడయితది. మన అక్షరం గుండ్రం ఆంటీ. మిషన్ వాలిస్తే గుండ్రం పోయి కోడిగుడ్డు లెక్క అయితది. తలకట్టు జారి పడబోయినట్టు ఉంటది. కిందుండే ఒత్తు ఎడమకు జరిగి ముందటి అక్షరం కిందికి పోతది. అబ్బా గట్ల చెయ్యలే. గుండ్రం గుండ్రమే ఉంచిండు, ఒత్తును మళ్ల కుడికి గుంజి దాని తల్లి కిందనే పెట్టిండు. గీత మొదటికెల్లి కొసదాక ఒక్కతీరు సన్నం. పెండ్లి కార్డుల మీద మేనమామల పేర్లకు, పుస్తకంల ఎవరన్న ఉత్తరం రాస్తే ఆ మాటలకు, మెల్లగ చెప్పేవాటికి పెట్టాలె. బ్యానరు కైతే నేనైనా పెట్టను. పది అడుగులు పోతే కనబడదు.”

“మరి బ్యానరుకు ఎందుకు పెట్టిండ్రు?”

 దానికి మహమూదా బేగం జవాబిచ్చింది. “దగ్గరికి వచ్చి చదవాలె అనేమో అమ్మా. పోయినోళ్లు రాయరు, నాకు తెల్సు. కాని ఆ ఫోటో చూసిన కాడ్నుంచి ఇంట్ల రంగు వాసన వస్తున్నది. నాలుగేండ్లాయె మా ఇంట్ల రంగు డబ్బా తెరువక.”

నిజానికి కౌసల్యకు కూడా గది లోపలికి రాగానే ఏదో టర్పెంటైన్ వాసన తగిలింది. తగిలిందని ఒప్పుకోవడం ఇష్టం లేక ఫోనులో ఆ ఫోటో తీసి పెద్దది చేసింది. ‘శ్యాం’లో వాలుగీత దగ్గర ఆగింది. దూరం నుంచి నున్నగా ఉన్న గీత దగ్గరికి లాగితే నున్నగా లేదు. అంచంతా చిన్న చిన్న మెట్లు.

“మీ నాయిన కుంచెకు మెట్లు వస్తయా?”

“రావు,” అంది సానియా. తను కూడా వంగి చూసింది. “ఫోన్ ఫోటో గద ఆంటీ. పెద్దగ చేస్తే అన్నీ గట్లనే పగుల్తయి.”

“స్తంభం పగుల్లేదు. వైర్లు పగుల్లేదు. అక్షరమే ఎందుకు పగులుతది?” కౌసల్య లేచింది. “అసలు గుడ్డ చూడాలె. నేను వచ్చేదాక తలుపు తియ్యకు. ఎవ్వలు పిలిచినా సరే.”

*

కోరుట్ల ప్రెస్సుకు చేరేసరికి పదకొండూ యాభై. శ్యాంసుందర్ రావు తమ్ముడు అర్జున్ రావు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. అరవై దాటిన మనిషి, మడత నలగని తెల్లచొక్కా, పిల్లలతో మాట్లాడినట్టు మెత్తటి గొంతు. అన్న పోయి మూడు రోజులైనా ప్రెస్సు నేల అద్దంలా తుడిపించి ఉంచాడు. శవం పడిన చోట మాత్రం పోలీసుల సుద్దగీత ఉంది.

ట్రెడిల్ మిషన్ ఇరవై ఏళ్లుగా నడవనిది. దాని పెద్ద చక్రం అంచు మీద ఎండిన మరక. కౌసల్య చక్రాన్ని వేలితో తోసి చూసింది. అంత బరువు చక్రం చప్పుడు లేకుండా సగం చుట్టు తిరిగి ఆగింది. ఇరుసులో కొత్తగా నూనె పోసి ఉంది. నడవని మిషన్‌కి నూనె ఎవరు పోస్తారు?

“బుధవారం మీరెక్కడున్నరు సార్?”

“ధర్మపురిల. దర్శనం చేసుకొని నాలుగింటికి వచ్చిన. ప్రసాదం ఇంక ఉన్నది, తీసుకుంటరా?”

“వద్దు.”

బల్ల మీద ఒక అచ్చు కాగితం ఉంది. మంగళవారం తేదీ వేసి ఉంది. నమూనా పుస్తకానికి కొత్త ముఖపత్రం. ‘సన్నవాలు. చెయ్యి: హబీబుద్దీన్. కూర్పు: సానియా.’ దాని కింద అదే సన్నటి అక్షరాల్లో ఇంకో వరుస. ‘హబీబ్ అక్షరాల బడి, ఈ ప్రెస్సు ఆవరణలోనే.’ సానియాను పిలిచి చూపించాలనుకున్నది ఇదే అయి ఉంటుంది. తప్పు దిద్దుకున్న మనిషి ఆ మాట చెప్పకుండానే పోయాడు.

“అన్న రెండు నెలల సంది ఇదే పాట,” అన్నాడు అర్జున్ రావు ఆమె భుజం వెనక నుంచి. అతను అంత దగ్గరికి వచ్చినట్టు ఆమెకు వినిపించనే లేదు. “మా తాతలనాటి జాగ. బడి పెడ్త అన్నడు. సరే అన్న. అన్న మాటకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు.”

కౌసల్య స్టూలు అడిగి పట్టుకుని రోడ్డు దాటింది. కరెంటు స్తంభానికి మనిషెత్తు పైన ఇనుప తీగ రెండు చుట్లు చుట్టి ఉంది. బ్యానరును ఎవరో తొందరగా లాగేశారు, విప్పలేదు. లాగితే ఏదో ఒకటి మిగలాలి. స్టూలెక్కి తీగ ముడి విప్పుతుంటే కిందనుంచి గొంతు వినిపించింది.

“మేడం, మెల్లగ. పడితే ఆ కేసు గూడ నేనే రాసుకోవాలె.”

సి.ఐ. జితేందర్. ముప్పై ఎనిమిదేళ్లు, నల్లద్దాలు నెత్తి మీదికి ఎక్కించి, చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. కౌసల్య కిందికి చూడకుండానే జవాబిచ్చింది.

“ఈ తీగ మీ వాళ్లు చూసిండ్రా?”

“చూసిండ్రు. తీగ గదా. చూస్తే తీగలెక్కనే ఉన్నది.”

“దీని ముడిల ఇది ఉన్నది.” ఆమె రెండు వేళ్ల వెడల్పు గుడ్డముక్క పట్టుకుని దిగింది. తెల్లటి గుడ్డ. మూలన ఒక నల్లటి వాలుగీత తోక.

జితేందర్ ముక్క అందుకుని ఎండకు పట్టి చూశాడు. “గుడ్డ, నల్లరంగు. పాలాయన గదే చెప్పిండు. తండ్రి దగ్గర కుంచె పట్టుడు నేర్చిన బిడ్డ ఒక్కతే ఉన్నది. బెదిరించింది, రాసింది, ఆ టైంకు ఆ గదిల ఉన్నది. ఇంకేం గావాలె మీకు? పెండ్లి సంబంధాల ఎంక్వైరీ లెక్క కాదు మేడం ఇది.”

“ఔను, పెండ్లి ఎంక్వైరీల ఇంత పైపైన చూస్తే పైసలు గూడ ఇయ్యరు.”

ఆమె సంచిలోంచి మడత భూతద్దం తీసింది. గుడ్డలో దారాలు లెక్కబెట్టడానికి నేతపనివాళ్లు వాడే రకం. ముక్కను తిరగేసి అతని అరచేతిలో పెట్టింది. “రంగు గుడ్డ మీద పొర లెక్క కూసుంటది. వెనక్కి దిగితే మరక పడ్తది. వెనక ఏమున్నదో చూడుండ్రి.”

జితేందర్ వంగాడు. వెనక మరక లేదు. నల్లటి దారాలు వదులుగా, వరుసగా పరుచుకుని ఉన్నాయి.

“మరల్చుండ్రి. ఇప్పుడు గీత చూడుండ్రి. అంచు మీద లెక్కబెట్టుండ్రి.”

అతని పెదవులు కదిలాయి. “నాలుగు పోగులు పైకి... ఒకటి పక్కకు. నాలుగు పైకి, ఒకటి పక్కకు.”

“కుంచె వాలుగ పోతది. దారం పోలేదు. దారానికి నిలువు, అడ్డం తప్ప మూడో తోవ లేదు. వాలుగీత కావాలంటే మెట్లు కట్టాల్సిందే. ఇది రాసిన బ్యానరు కాదు సార్. నేసిన బ్యానరు.”

 జితేందర్ నవ్వు పోయింది. తర్వాత భూతద్దం మడిచి ఇచ్చాడు. “అయితే ఏమాయె? ఆమెనే నేపిచ్చింది అంటా. అక్షరాలు ఆమెవే గద.”

“ఎవ్వలు నేపిచ్చిండ్రో నేసినోళ్లే చెప్తరు. సాయంత్రం దాక ఆ పిల్లను ముట్టకుండ్రి.”

“ఎక్కడని ఎతుకుతరు?”

“అది నా తిప్పలు.”

“అయిదింటిదాక. అయిదింటికి నా జీపు వాళ్లింటి ముందట ఉంటది. అప్పుడు మాత్రం నన్ను ఏమనొద్దు.”

అతను వెళ్లగానే ఆమె సానియాకు ఫోన్ చేసింది. సన్నవాలును ఎప్పుడైనా మగ్గానికి ఎక్కించారా అని అడిగింది.

“ఒక్కసారి,” అంది సానియా. “శ్యాంసుందర్ రావు సార్ బిడ్డ సంజన పెండ్లికి చీర అంచుల పేర్లు నేపిచ్చిండ్రు. అప్పుడు అక్షరాలన్ని నేనే గ్రాఫు గడుల మీద గీసిచ్చిన. మెట్లు మెట్లయితయని నాకు ఇష్టం లేకుండె. ఆ పుస్తకం ప్రెస్సుల్నే ఉన్నది, అర్రలో రెండో అర. దాన్ని చూసి మగ్గానికి బొక్కల అట్టలు కొట్టింది సిరిసిల్లల రాజక్క.”

కౌసల్య లోపలికి వెళ్లి రెండో అర చూసింది. పుస్తకాల వరుస మధ్య ఒక పుస్తకం వెడల్పు ఖాళీ. ఆ ఖాళీలో కూడా దుమ్ము లేకుండా తుడిచి ఉంది. ఎవరు తీశారని అడుగుదామని వెనక్కి తిరిగితే గదిలో అర్జున్ రావు లేడు. కిటికీలోంచి కనిపించాడు. పెరట్లో గోడవైపు తిరిగి ఫోన్ మాట్లాడుతున్నాడు. అలవాటుకొద్దీ ఆమె గోడగడియారం చూసింది. పన్నెండున్నర.

*

సిరిసిల్లలో రాజక్క ఇల్లు పట్టుకునేసరికి మూడుంబావు అయింది. ఆ వాడలో ఆర్డర్లు లేక మూడు వారాలుగా సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, అన్నీ బందు. పగలు కూడా మాట వినిపించనంత మోతగా ఉండే సందులో కౌసల్యకు తన చెప్పుల చప్పుడు తనకే వినిపిస్తోంది. వాడ చివర మాత్రం ఒక్క సాంచె నడుస్తోంది. దడదడమంటూ, ఒక్క తీరుగా. దాని కార్ఖానా తలుపుకు బయట నుంచి తాళం వేసి ఉంది.

తాళం వేసిన తలుపు ముందు గడప మీద ఒక ముసలమ్మ కూర్చుని మగ్గానికి నమూనా చెప్పే పాత జకార్డు బొక్కల అట్టలను తాడుతో కుడుతోంది. అరవై అయిదేళ్లుంటాయి. కళ్లజోడు ఒక కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకుంది.

“రాజక్కవు నువ్వేనా? లోపల ఎవరున్నరక్కా?”

“ఎవ్వలు లేరు బిడ్డా. సాంచెకు మనిషెందుకు? కరెంటున్నంత సేపు దానంతటదే నేస్తది. దారం తెగితే ఊకుంటది.”

“తాళమెందుకు?”

“ఎవ్వలు చూడొద్దన్నడు. పెండ్లోళ్ల ముచ్చటట. కోరుట్ల చిన్నదొర.”

కౌసల్య ఆమె పక్కనే గడప మీద కూర్చుంది.  “చిన్నదొర అంటే అర్జున్ రావు సారేనా? ఎప్పుడు వచ్చిండు?”

“రెండు నెలలాయె. గడుల పుస్తకం తెచ్చిండు, పెండ్లి చీరకు చేసినమే, గదే. దాంట్లకెల్లి అక్షరాలు కత్తెరతోని కోసి, వరుసగ అంటిచ్చి, రెండు కాయిదాలు ఇచ్చిండు. రెండిటికి అట్టలు కొట్టిన. మొదటిదాని గుడ్డ అప్పుడే నేసి తీస్కపోయిండు. రెండోది నేను చెప్పినంక ఎక్కియ్యి అన్నడు. ఇయ్యాల ఫోన్ చేసిండు.”

“ఎన్నింటికి?”

“పన్నెండున్నర సైరన్ అప్పుడే కూసింది. ఎక్కిచ్చి పెట్టు, నాలుగింటికి నేనే వస్త అన్నడు.”

పన్నెండున్నరకు పెరట్లో గోడవైపు తిరిగిన తెల్లచొక్కా కౌసల్యకు కళ్లముందు కనిపించింది. తను గుడ్డముక్క పట్టుకుని స్టూలు దిగడం అతను కిటికీలోంచి చూశాడన్నమాట. ఫ్లెక్సీ దుకాణానికి వెళ్తే పేరు టైపు చేసేవాడు చదువుతాడు. పెయింటరు చేత రాయిస్తే పెయింటరు చదువుతాడు. బతికున్న మనిషికి కీర్తిశేషులని ఎందుకు రాయిస్తున్నావని అడుగుతాడు. సాంచె అడగదు. మరి ఈమె?

“అక్కా, ఆ మొదటి కాయిదం మీద ఏం రాసున్నదో నువ్వు చూడలేదా?”

రాజక్క నవ్వింది. “నాకు చదువు రాదు బిడ్డా. గడులే తెల్సు. నల్లగడి ఉంటే బొక్క కొట్టాలె, తెల్లగడి ఉంటే ఊకోవాలె. నలభై ఏండ్ల సంది గదే. ఒక్క బొక్క తప్పు పోదు. ఏం వచ్చిందనేది గుడ్డ దిగినంక ఎవలన్న చెప్తె సంబురపడుడు. చిన్నదొరను అడిగితే పెండ్లి దీవెన అన్నడు.”

అది అబద్ధం చెప్పే మొహం కాదు. కౌసల్య ఫోను తీసి ఆ మాటలన్నీ ఇంకోసారి చెప్పించి రికార్డు చేసింది. జితేందర్‌కు పంపింది. ‘నేయించింది అర్జున్ రావు. సాక్షి నా పక్కనే ఉంది. సిరిసిల్లకు రండి.’ సానియా మీద పడ్డ నింద ఈ ముసలమ్మ నోటిమాటతో పోతుంది. గుండెల మీద బరువు దిగినట్టయింది. ఒక్క క్షణం మాత్రమే. రెండో కాయితం గుర్తొచ్చింది.

“లోపల నేస్తున్నది రెండోదేనా? ఒక్కసారి చూపియ్యక్కా.”

“చూడొద్దన్నడు గద...” రాజక్క కాస్త నసిగింది. కాని తన పనితనం చూపించుకోవాలని ఆమెకూ ఉంది. బొడ్లోంచి తాళంచెవి తీసి తెరిచింది. తాళాన్ని, చెవిని అలాగే తలుపు గొళ్లానికి తగిలించి లోపలికి నడిచింది.

లోపల మోతకు పళ్లు కదిలాయి. ఒక్క ట్యూబులైటు వెలుగు. మనిషి లేని గదిలో అడ్డదారం మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటోంది. పైన అట్టల మాల ఒక్కొక్క అట్టగా కిందికి దిగుతోంది. దిగిన ప్రతిసారీ తెల్లటి గుడ్డ మీద నల్లటి వరుస ఒకటి పుడుతోంది. అక్షరాలు పక్కకు పడుకుని వస్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి. తల వంచి చూస్తేగాని చదవలేం. హబీబుద్దీన్ నిచ్చెన మీద చెయ్యి చాపి రాస్తున్నట్టే ఉంది. చెయ్యి మాత్రం లేదు.

కౌసల్య మెడ వంచింది. చుట్టుకుపోతున్న గుడ్డ మడతలో ‘కన్నీటి నివాళి’ చివరి అక్షరం కనిపించి మాయమైంది. తర్వాత కాస్త తెలుపు. తర్వాత ‘కీ’. చుక్క. ‘శే’. చుక్క.

 సానియా ఇంట్లో ఉంది. తలుపు తియ్యొద్దని తను చెప్పి వచ్చింది. అయినా ఆ పిల్ల మాట వింటుందా? వచ్చేది ‘సా’ అయితే జగిత్యాలకు ఫోన్ చెయ్యాలి. ఈ మోతలో ఫోన్ ఎలా వినపడుతుంది?  ముందు అక్షరం చూడాలి.

గుండ్రం మొదలైంది. నాలుగు పోగులు పైకి, ఒకటి పక్కకు. గుండ్రం సాగి, లోపలికి తిరిగి, మూసుకుంది. పైన దీర్ఘం సన్నగా వాలి ఆగింది. ‘సా’ కాదు. ‘రా’.

కౌసల్య ఊపిరి వదిలింది. ఎవరు? ఆ రావుల్లోనే ఇంకెవరైనా ఉన్నారా? పక్కన రాజక్క గుడ్డ మీద అరచెయ్యి ఆనించి, ఎట్లుంది అన్నట్టు కనుబొమలెగరేసింది. మోతలో ఏదో అంది గాని వినపడలేదు.

రెండో అక్షరం ఒంపులు తిరుగుతూ వచ్చింది. ‘జ’.

కౌసల్య తలెత్తలేదు. ఎత్తితే పక్కనున్న మొహం చూడాల్సి వస్తుంది. మూడోది మెల్లగా వచ్చింది. ‘క’. దాని కింద, ఎడమకు జారిపోకుండా, సానియా చెప్పినట్టే సరిగ్గా తల్లి కిందికి గుంజి పెట్టిన ఒత్తు. ‘క్క’.

ఈ ముసలమ్మ తన పేరుకు తనే ఒక్కొక్క బొక్కా కొట్టింది. ఒక్కటి కూడా తప్పు పోలేదు. తనే అట్టలు కుట్టింది, తనే సాంచెకు ఎక్కించింది, ఎవరూ చూడకుండా తనే తాళం వేసి కాపలా కూర్చుంది. రెండు నెలల కిందటే అతను రెండు చావులూ కలిపి ఆర్డరిచ్చాడు. నాలుగింటికి అతను వచ్చి పోయాక ఈ గదిలో ఈ గుడ్డ కప్పుకుని ఒక శవం దొరుకుతుంది. ఆ అక్షరాలు మళ్లీ సానియావే. ఆ సమయానికి ఆ పిల్ల ఎక్కడుందంటే సాక్ష్యం తల్లి ఒక్కతే. లాకప్పులో ఉండి ఉంటే కనీసం ఈ నింద తప్పేది. సాయంత్రం దాకా ముట్టకండని జితేందర్‌తో పట్టుబట్టింది తనే.

పేరు తర్వాత తేదీ వచ్చింది. కౌసల్య దాన్ని చదవాల్సిన పని కూడా లేదు. ఇవాళ్టిదే. తనకు గుడ్డముక్క దొరక్కపోయినా ఆ ఫోన్ ఇవాళే వచ్చేది.

చివరి అట్టకు గుర్తుగా కట్టిన ఎర్రదారం పైన కనిపించగానే రాజక్క పిడి లాగింది. సాంచె ఆగిపోయింది. ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దానికి చెవుల్లో హోరు. కౌసల్య ఫోను చూసింది. మూడూ ముప్పై అయిదు. జితేందర్ చూసినట్టు గుర్తు పడింది, జవాబు లేదు. నాలుగింటికి ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది. చాలు. ఈమెను బండిలో కూర్చోబెట్టుకుని పోవడానికి చాలు.

“అక్కా, నా మాట విను. ఏం అడగకు. నాతోని రా.”

“ఎట్లున్నదో చెప్పకపోతివి,” అంది రాజక్క. ఆమె వేలు మెల్లగా ‘క్క’ మీద నడుస్తోంది. “ఏమున్నది బిడ్డా గీడ?”

కౌసల్య ఆ వేలిని అక్షరం మీంచి తీసి ఆమె చెయ్యి పట్టుకుంది.   బయట తలుపు గొళ్లానికి తగిలించిన తాళం కదిలి టకమంది. గాలి లేదు. సాంచె మోతలో కారు వచ్చి ఆగిన చప్పుడు వినపడి ఉండదు.

“రాజక్కా,” అంది తలుపు అవతల నుంచి ఒక మెత్తటి గొంతు. “అయిపోయిందా?”

కౌసల్య చెయ్యి రాజక్క నోటి దాకా వెళ్లేలోపే ఆమె గుడ్డ వైపు మురిపెంగా చూసుకుని గొంతెత్తింది.

“అయిపోయింది దొరా. లోపటికి రాండ్రి.”